పాత ఫియట్ వెనక కమాన్లు: బలం చేర్చే ముందు కదలిక చూడండి

మీ ప్రశ్న చదివాను. నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే తోక దిగిపోతోంది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు దబ్బుమని కొడుతోంది, 60 దాటితే మలుపుల్లో వెనక భాగం ఊగుతోంది. అనంతపురంలో మీ మేస్త్రీ రెండు పక్కలా ఒక్కో జీపు కమాన్ ప్లేటు చేర్చమంటున్నాడు (కమాన్ అంటే వంపు ఉన్న ఉక్కు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు). మీ స్నేహితుడేమో కమాన్లు తీసేసి చుట్టల్లా ఉండే కాయిల్ స్ప్రింగులు, గ్యాస్ షాకులు (గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు) పెట్టించమంటున్నాడు. రెండింటిలో ఏది మేలని అడిగారు.

గ్యాస్ షాకుల సంగతి తర్వాత చెబుతాను. జీపు ప్లేటు వద్దు, కాయిల్ స్ప్రింగులు అసలే వద్దు. కర్నూలులో 30 ఏళ్లకు పైగా ఈ బండ్ల కింద పడుకుని పని చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈ వయసు ఫియట్లలో నేను చూసినంతవరకు వెనక సస్పెన్షన్‌కు తక్కువయ్యేది బలం కాదు, కదలిక. కదలాల్సినవి తుప్పుతో బిగుసుకుపోతాయి, బిగువుగా ఉండాల్సినవి అరిగి వదులవుతాయి. దాని మీద ఇంకో ప్లేటు వేస్తే జబ్బు అలాగే ఉంటుంది, పైన ఇంకో జబ్బు చేరుతుంది.

పద్మిని అంటే ఫియట్ 1100డి. బొంబాయి కుర్లాలో 1964 నుంచి ఆ పేరుతో తయారైంది, 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. పేర్లు మారినా వెనక ఏర్పాటు మారలేదు. ఒకే పొడుగు యాక్సిల్, దాని కింద రెండు కమాన్ కట్టలు. ఈ కట్టలు బరువు మోయడం ఒక్కటే చేస్తాయని అనుకుంటారు. కానీ యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునేది కూడా అవే, పక్కకు పోకుండా ఆపేదీ అవే. అన్నిటికన్నా పైనుండే మెయిన్ ప్లేటు రెండు కొనలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి, వాటినే కన్నులంటాం. ముందు కన్ను బాడీకి బోల్టుతో కదలకుండా ఉంటుంది. వెనక కన్ను షాకిల్‌కు, అంటే బాడీకి ఊగేలా తగిలించిన పట్టీకి, వేలాడుతుంది. బరువు పడి కమాన్ చదునైతే దాని పొడవు పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలకు చోటిచ్చేది షాకిల్. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి, షాకిల్ ఊగాలి. ఈ రెండూ జరిగితేనే అది స్ప్రింగు. లేకపోతే ఇనుప దూలమే.

మన వైపు దుమ్ము గురించి కూడా ఒక మాట. నల్లరేగడి పొడి, తాడిపత్రి, బేతంచర్ల దారుల్లో రాళ్లు కోసే చోట లేచే తెల్ల పొడి, వానాకాలంలో ఆ బురద, ఇవన్నీ ప్లేట్ల సందుల్లో చేరి గట్టిపడతాయి. దానికి తుప్పు తోడవుతుంది. అప్పుడు చిన్న గతుకులకు కట్ట అసలు కదలదు, అదురంతా సీట్లోకి వస్తుంది. పెద్ద గుంత తగిలినప్పుడు మాత్రం ఒక్కసారిగా విడిపోయి కిందిదాకా పోయి కొడుతుంది. అందుకే ఒకే బండి గురించి ఇంట్లో ఒకరు గట్టిగా ఉందంటారు, ఇంకొకరు మెత్తబడిందంటారు. ఇద్దరి మాటా నిజమే.

ముందు టేపు తీసుకోండి. చదునైన గచ్చు మీద బండి నిలబెట్టి, టైర్లలో గాలి సరిచూసి, డిక్కీ ఖాళీ చేసి, వెనక చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు పక్కలా కొలవండి. రెండు పక్కలకూ తేడా సెంటీమీటరు దాటితే ఒక కట్టలో ప్లేటు విరిగి ఉండొచ్చు, లేదా ఆ పక్క కుంగి ఉండొచ్చు. తర్వాత ముగ్గుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, యాక్సిల్‌కూ పైనున్న బంప్ రబ్బరుకూ (యాక్సిల్ నేరుగా బాడీకి కొట్టకుండా ఆపే రబ్బరు దిమ్మ) మధ్య ఎంత సందు మిగిలిందో చూడండి. రెండు వేళ్లు కూడా పట్టకపోతే మీకు వినిపించే దబ్బు అక్కడిదే. డిక్కీలో గ్యాస్ ట్యాంకు ఉందేమో అది కూడా చెప్పండి. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక ఈ జిల్లాల్లో చాలామంది పెట్టించారు. యాక్సిల్‌కు వెనక అంత బరువు రాత్రింబవళ్లు కూర్చుంటే ఏ కమాన్ అయినా కుంగుతుంది.

ఊగుడు ఎక్కడిదో తెలుసుకోవాలంటే ఒకరు డిక్కీ మూల పట్టుకుని బండిని అటూ ఇటూ తోస్తుండాలి, మీరు టార్చి లైటుతో కింద షాకిల్ చూడాలి. బాడీ కదిలాక కాసేపటికి కమాన్ కదులుతోందంటే బుష్‌లు, అంటే కన్నులో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టాలు, పోయినట్టే. ఒక్కోసారి బోల్టు చుట్టూ నల్లటి రబ్బరు పొడి రాలుతూ కనిపిస్తుంది. మలుపులో అలా కన్ను అటూ ఇటూ జరిగినప్పుడల్లా యాక్సిల్ కాస్త వంకర తిరుగుతుంది, అంటే వెనక చక్రాలు తమంతట తామే స్టీరింగ్ తిప్పినట్టు. మీరు చెప్పిన ఊగుడు చాలావరకు ఇదే అయి ఉంటుంది.

ఇప్పుడు జీపు ప్లేటు ఎందుకు వద్దన్నానో చెబుతాను. 1990ల్లో నేనే ఒక కడప మాస్టారి బండికి వేశాను. ఆయనకు మీలాగే తోక దిగుతుండేది. కట్టలో మెయిన్ ప్లేటు కిందే ఒక జీపు ప్లేటు కోసి పెట్టి, కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించి ఇచ్చాను. బండి లేచి నిలబడింది, ఆయన సంతోషంగా వెళ్లారు. రెండు నెలలకు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ దిగుతుండగా బ్రేకు వేసినప్పుడు ఎడమ పక్క మెయిన్ ప్లేటు విరిగింది. ఆ పక్క యాక్సిల్ వెనక్కి జరిగి బండి అడ్డంగా లాగింది. కొండ వైపుకే లాగింది కాబట్టి గట్టుకు ఆనుకుని ఆగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నేను వెళ్లి ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. ముందు కన్నుకు జానెడు దూరంలో, సరిగ్గా నేను పెట్టిన జీపు ప్లేటు కొన ఆనిన చోట విరిగింది. విరిగిన ముఖంలో పై సగం చంద్రవంకలా నల్లగా తుప్పు పట్టి ఉంది, కింది సగం వెండిలా మెరుస్తోంది. అంటే పగులు ఆ రోజు వచ్చింది కాదు. నేను ఆ ప్లేటు వేసిన కొద్ది రోజులకే పై ముఖంలో మొదలై, రోజూ కాస్త కాస్త దిగి, మిగిలిన సగం ఆ బ్రేకుకు తెగింది. ఆ ముక్క చాలా ఏళ్లు నా షెడ్డు గోడకు వేలాడదీశాను. ప్లేటు చేర్చమని వచ్చిన ప్రతివాళ్లకూ దాన్నే చూపించేవాణ్ణి.

కారణం లెక్కలో ఉంది. ప్లేటు బిగువు మందం ఘనంతో పెరుగుతుంది, అంటే మందం × మందం × మందం లెక్కన. వెడల్పు, పొడవు ఒకటే అనుకుంటే 6 మిల్లీమీటర్ల ప్లేటు బదులు 7 మిల్లీమీటర్లది వేస్తే బిగువు దాదాపు 60 శాతం ఎక్కువవుతుంది. 10 మిల్లీమీటర్ల ప్లేటు ఒక్కటి వేస్తే, 6 మిల్లీమీటర్ల ప్లేట్లు నాలుగున్నర కలిపి వేసినట్టు. కట్టలో ఒక్కటి అంత మొండిగా ఉంటే మిగతావి దానితో కలిసి వంగవు, దాని కొన దగ్గరే విరుచుకుని వంగుతాయి. మెయిన్ ప్లేటు ఆ కొన దగ్గరే తెగుతుంది.

సుఖం మాట కూడా చూడండి. బండి బరువుకు కమాన్ 10 సెంటీమీటర్లు దిగేలా ఉంటే వెనక భాగం నిమిషానికి సుమారు 95 సార్లు ఊగుతుంది. ప్లేట్లన్నీ 7 మిల్లీమీటర్లవి వేసి బిగువు 60 శాతం పెంచితే ఆ ఊగుళ్లు 119 దాకా పోతాయి. మనిషి ఒంటికి 60 నుంచి 90 మధ్య హాయి. మీ అమ్మగారు వెనక సీట్లో కూర్చుంటారని రాశారు, నడుము నొప్పి అని కూడా రాశారు. అది గుర్తుంచుకుని నిర్ణయం తీసుకోండి.

పని ఇలా చేయించండి. రెండు కట్టలూ బండి నుంచి దించాలి. ప్లేట్లన్నిటినీ నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పే ముందు కట్టను వైస్‌లో గానీ సీ క్లాంపుతో గానీ గట్టిగా పట్టించాలి, లేకపోతే ప్లేట్లు ఎగిరి ముఖానికి కొడతాయి. విడదీసిన ప్లేట్లు డీజిల్‌తో కడిగి, వైరు బ్రష్‌తో పొడవునా రుద్దాలి. గ్రైండర్‌తో అడ్డంగా మాత్రం గీయనివ్వకండి. బరువు పడ్డప్పుడు ప్లేటు పై ముఖం సాగుతుంది, కింది ముఖం నొక్కుకుంటుంది. సాగే ముఖం మీద అడ్డగీత పడితే పగులుకు దారి వేసినట్టే. కడిగాక ప్రతి ప్లేటూ ఎండలో పెట్టి చూడండి, ముఖ్యంగా సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, కింది ప్లేటు కొన రాసుకున్న చోట. గోరు తగిలి ఆగేంత గాడి పడితే ఆ ప్లేటు మార్చాల్సిందే.

కుంగిన ప్లేట్లకు మళ్లీ వంపు పెట్టడం గురించి. దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టి వంపు తెచ్చే మేస్త్రీలు మన దగ్గర ఉన్నారు, చెయ్యి తిరిగినవాళ్లే. కానీ చల్లగా కొట్టిన వంపు నిలవదు, కొన్ని నెలల్లో తిరిగి దిగుతుంది. పక్కాగా చేయాలంటే ప్లేటును ఎర్రగా కాల్చి, వంపు పెట్టి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో పదును సరిచేయాలి. ఆ పని తెలిసిన కమాన్ షాపు దొరికితే చేయించండి. గ్యాస్ వెల్డింగ్ మంటతో ఒక్కచోట కాల్చి వంచుతానంటే మాత్రం ఒప్పుకోకండి, మంట తగిలిన చోట ఉక్కు పదును పోతుంది. నా మటుకు నేను, డబ్బు కుదిరితే, అదే మందం, అదే వెడల్పు, అదే సంఖ్యలో ప్లేట్లతో కొత్త కట్ట కట్టిస్తాను. ఎత్తు 15 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టమని చెబుతాను, మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అది ఎలాగూ కాస్త దిగుతుంది. అంతకన్నా ఎత్తు పెంచకండి. వంపు మరీ ఎక్కువైతే షాకిల్ ముందుకు వాలి బాడీకి తగులుతుంది, వెనక బ్రేకు హోస్ పైపు కూడా లాగుకుంటుంది.

నిజంగానే తరచూ బరువుతో తిరిగేవాళ్లయితే ఒక దారి ఉంది. కట్ట అడుగున ఒక పొట్టి, దాదాపు చదునైన హెల్పర్ ప్లేటు. ఖాళీ బండిలో దాని కొనలు పైప్లేటుకు తగలవు, ముగ్గురు నలుగురు ఎక్కి కమాన్ దిగాకే బరువు పంచుకుంటుంది. జీపు ప్లేటుకూ దీనికీ తేడా అదే.

బిగించేటప్పుడు ప్లేట్ల మధ్య గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయడం ఇక్కడ అలవాటు, దయచేసి మానండి. ఆ ఆయిల్‌కు మన దుమ్ము అంటుకుంటే సానరాయిలా అరగదీస్తుంది, రబ్బరు బుష్‌లను కూడా తినేస్తుంది. ప్లేట్ల కొనల్లో పదునైన అంచులుంటే గుండ్రంగా రుద్దించండి. యూ బోల్టులు పాతవి వేయకండి, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు ఇవ్వవు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చుందో వేలు పెట్టి చూడండి. కూర్చోకుండా బిగిస్తే యాక్సిల్ వంకరగా ఉండిపోతుంది, బండి ఎండ్రకాయలా పక్కకు నడుస్తుంది. బిగించాక రెండు పక్కలా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు కొలిచి పోల్చండి, ముందు చక్రాలు నేరుగా పెట్టి మరీ కొలవాలి.

బుష్‌లు రబ్బరువే వేయండి. లేత్‌లో నైలాన్ బుష్ తిప్పించుకోమని కొందరు చెబుతారు. నైలాన్ అరగదు, నిజమే. కానీ మలుపులో కమాన్ కాస్త మెలి తిరగాలి, రబ్బరు ఆ మెలికను భరిస్తుంది, నైలాన్ భరించదు, కన్ను మీద భారం వేస్తుంది. పాలీయూరితేన్ (రబ్బరు కన్నా గట్టి పదార్థం) వేయాలని మనసుంటే షాకిల్ దగ్గర వేసుకోండి, ముందు కన్నుకు రబ్బరే ఉండనివ్వండి. ఇంకో సంగతి, దీన్ని నిర్లక్ష్యం చేసేవాళ్లే ఎక్కువ. కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు బండి జాకీ మీద ఉన్నప్పుడు చివరిదాకా బిగించకూడదు. చేతితో పట్టించి వదిలి, బండిని నాలుగు చక్రాల మీద దించి, డిక్కీ నొక్కి రెండు మూడుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి. జాకీ మీద బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలితిరిగి, అలాగే ఉండిపోయి, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. కొత్త బుష్‌లు ఇంత తొందరగా ఎందుకు పోయాయని అడిగేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

ఇక షాకులు. ఎత్తు పెంచేది షాక్ అబ్జార్బర్ కాదు, కమాన్. షాక్ పని ఆ ఊపును ఆపడమే. మీవి తీసి నిటారుగా పట్టుకుని లాగి నొక్కి చూడండి. దిశ మార్చిన చోట కాసేపు ఖాళీగా, పట్టు లేకుండా జారితే లోపల పని అయిపోయింది. తక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్న షాకులు వేసుకోవచ్చు, మీ స్నేహితుడి మాటలో ఆ సగం నాకూ సమ్మతమే. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గతుకుల దారిలో గంటసేపు పోతే మామూలు షాక్‌లో ఆయిల్ నురగ కట్టి పట్టు తగ్గుతుంది. గ్యాస్ ఆ నురగను రానివ్వదు. కానీ మరీ గట్టివి కొనకండి. కొనేముందు యాక్సిల్ బంప్ రబ్బరుకు తగిలే దాకా నొక్కినప్పుడు షాక్ రెండు కొసలూ బిగించే తగుళ్ల మధ్య దూరం కొలవండి. షాక్ పూర్తిగా ముడిచిన పొడవు దానికన్నా కనీసం 15 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. చక్రం వేలాడినప్పటి దూరం కన్నా సాగిన పొడవు ఎక్కువ ఉండాలి. ఈ రెండు కొలతలు చూడకుండా ఏదో బండి షాక్ తెచ్చి పెడితే గుంతలో షాకే అడ్డుపడి పై తగులు ఊడగొడుతుంది. పెట్టే ముందు నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కండి, లోపలి గాలి పోతుంది.

కాయిల్ స్ప్రింగుల గురించి ఎక్కువ చెప్పను. కాయిల్ బరువు మోస్తుంది, అంతే. యాక్సిల్‌ను ముందు వెనకలకు పట్టే రాడ్లు, పక్కకు జరగకుండా అడ్డ రాడ్డు, వాటికి బ్రాకెట్లు, అన్నీ కొత్తగా కావాలి. ఫియట్ 1966లో తెచ్చిన 124లో వెనక కాయిల్ స్ప్రింగులే ఉన్నాయి, కానీ ఆ బాడీని మొదటి గీత నుంచీ దానికోసమే గీశారు. మీ పద్మినికి లారీలాగా వేరే ఛాసిస్ లేదు, రేకు బాడీయే ఛాసిస్. 40 ఏళ్ల రేకుకు బ్రాకెట్లు వెల్డింగ్ చేసి నలుగురు మనుషుల బరువు వేలాడదీయడం నాకు ధైర్యం చాలని పని. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. మీరు 5 ఏళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు బండి చూపించాలి కదా. 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ కింద నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. మీ బండికి 2036లో ఆ వయసు వస్తుంది, బాడీని కోసి అతికిన బండికి ఆ అవకాశం పోతుంది.

రేకు మాట వచ్చింది కాబట్టి, కమాన్లు దించిన రోజే ముందు కన్ను బోల్టు పట్టే పెట్టె, షాకిల్ పట్టే చోటు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే కమాన్ల పని ఆపి ముందు రేకు పని చేయించండి. పైన రంగు బాగుందని నమ్మకండి, అక్కడ తుప్పు లోపలి నుంచి వస్తుంది.

పని అయ్యాక ఖాళీ బండితో హైవే మీద పామిడి మీదుగా గుత్తి దాకా పోయి రండి. తిరిగొచ్చాక యూ బోల్టులు మళ్లీ బిగించండి, ఎంతోకొంత తిరుగుతాయి. 500 కిలోమీటర్లకు ఇంకోసారి. బిగించాక ప్రతి నట్టు మీదా, దాని పక్క ప్లేటు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయండి, గీత విడిపోతే నట్టు కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది. ముందు ఆ రెండు పక్కల ఎత్తు, ముగ్గురు కూర్చున్నాక బంప్ రబ్బరు సందు కొలిచి పంపండి. ప్లేట్లు ఎన్ని, మందం ఎంత అన్నది కూడా రాస్తే కొత్త కట్ట కట్టించాలా, ఉన్నవే కడిగి వేస్తే చాలా అన్నది చెబుతాను.